పైమనిషి, కిందిమనిషి

సిద్దిపేట,
ఆదివారం.

బాపూ,

నీ బిడ్డ దండం. ఇంట్లో అవ్వ, నేను, తమ్ముడు సాయికిరణ్ బాగున్నాం. అవ్వ మోకాలి నొప్పి తగ్గింది. బట్ట నేసే సాంచాల దగ్గర దుమ్ముకు ముక్కుకు రుమాలు కట్టుకోమని నీకు రాయమంది. భీవండిలో వానలు తగ్గాయా? ఫోన్లో సాంచాల చప్పుడుకు సగం మాటలే వినబడతాయి, మనకు ఉత్తరాలే నయం.

నా ఆట సర్కసా అని మీ కార్ఖానాలో నరహరి మామ అడిగాడని రాశావు. పుట్టింది సర్కస్ విద్యలోంచే. రష్యా వాళ్లు 1930లలో దానికి నియమాలు పెట్టి పోటీగా మార్చారు. మొదటి ప్రపంచ పోటీలు 1974లో మాస్కోలో జరిగాయి. పేరు అక్రోబాటిక్ జిమ్నాస్టిక్స్. ఒలింపిక్స్‌లో ఇంకా చేర్చలేదు.

బార్లు, బల్లలు ఏమీ ఉండవు. మనిషికి మనిషే ఆధారం. ఇద్దరో, ముగ్గురో, నలుగురో కలిసి, మెత్తటి నేల మీద పాటకు తగ్గట్టు చేయాలి. కొన్ని అంశాల్లో ఎగరేసి పట్టుకోవాలి. మాది నిలకడ అంశం. కిందిమనిషి చేతుల మీద పైమనిషి మూడు సెకన్లు కదలకుండా నిలవాలి. కదిలితే జడ్జీలు మార్కులు కోస్తారు.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. తూలినప్పుడు పైమనిషి సర్దుకోకూడదు, కట్టెలా బిగుసుకుని ఉండాలి. సర్దాల్సింది కిందిమనిషే. ఇద్దరూ సర్దుకుంటే ఇద్దరూ పడతారు.

బాపూ, ఇప్పుడు అసలు సంగతి. నువ్వు ఫోన్లో పెట్టుకున్న ఫొటోలో సంధ్యక్క చేతుల మీద నిలబడ్డది నేనే. కానీ ఇప్పుడు నేను పైన లేను. ఈ ఏడాది బాగా పొడవయ్యాను. సంధ్యక్క మోయలేకపోయేది, నాకు తెలుస్తూనే ఉండేది. బరువు పెరగొద్దని రాత్రి అన్నం మానేశాను. ఆకలి లేదని అవ్వకు అబద్ధం చెప్పాను. ఒకరోజు ప్రాక్టీసులో కళ్లు తిరిగి కూలబడ్డాను. మా కోచ్ త్రివేణి మేడం నన్ను పక్కన కూర్చోబెట్టి పాలు తాగించింది.

"ఎదుగుడు తప్పు కాదు బిడ్డా. పైనుండేటోళ్లు చిన్నగ ఉండాలె, గంతే. ఇగ నువ్వు కింద నిలబడు" అంది.

ఆ రోజే మేడం మన ఇంటికి వచ్చి అవ్వకు అన్నీ చెప్పింది. అవ్వ తిట్టలేదు, కంచం ముందర పెట్టి నేను తినేదాకా లేవలేదు. నీకు చెప్పొద్దని నేనే అవ్వ దగ్గర మాట తీసుకున్నాను. నా బిడ్డ మనిషి చేతుల మీద నిలబడుతదని నువ్వు అక్కడ అందరికీ చెప్పుకుంటావు కదా, ఆ మాట పోతుందని భయపడ్డాను.

సంధ్యక్క డిగ్రీకి హైదరాబాద్ పోయింది. నా మీదికి నంగునూరు పిల్ల శ్వేతను ఇచ్చారు. మొదటి వారమే నా చేతిలోంచి జారింది. ఛాతీతో అడ్డుకున్నాను, నా పెదవి పగిలింది, పిల్లకేమీ కాలేదు. కానీ మళ్లీ ఎక్కనంది. మూల కూర్చుని, "నువ్వు మల్ల పడేస్తవ్" అంది. నాకు కోపం రాలేదు. సంధ్యక్క మీద నేనూ అలాగే అనుమానపడేదాన్ని.

"నువ్వు కదలకు. ఒరిగితే నేను సర్దుకుంట, నిన్ను పడనియ్య" అన్నాను. శ్వేత లేచి వచ్చి, మళ్లీ నా చేతుల మీదికి ఎక్కింది.

పోయిన వారం హైదరాబాద్‌లో రాష్ట్ర పోటీ. రెండో నిలకడలో శ్వేత ముందుకు ఒరిగింది. పిల్ల కదల్లేదు బాపూ, కట్టెలా ఉంది. నేనే మణికట్టు తిప్పి నిలబెట్టాను. కిందినుంచి ఏమీ కనిపించదు. చప్పట్లు విన్నాకే నిలిచామని తెలిసింది. మాకు మూడో స్థానం వచ్చింది. దిగగానే శ్వేత నా మెడ చుట్టుకుని వదల్లేదు.

పేపర్లో పడ్డ ఫొటో కత్తిరించి ఇందులో పెడుతున్నాను. శ్వేత మొత్తం కనిపిస్తుంది. నేను మోచేతుల వరకే ఉన్నాను, మిగతాది పేపరు వాళ్లు కోసేశారు. నరహరి మామకు చూపించేటప్పుడు కింద ఉన్న ఆ చేతులు నీ బిడ్డవని చెప్పు.

ఇట్లు,
రెండు పూటలా తింటున్న నీ బిడ్డ
కృతిక