ఇమామ్ జామిన్‌ను సమ్మతిగా లెక్కించరాదని మనవి

డైరెక్టర్ గారికి,
రక్షణ పరిశోధనశాల, హైదరాబాదు.

అయ్యా,

విషయం: మా వారు మహమ్మద్ హైదర్ గారిని సరిహద్దు దళంలో వేయుటకు నేను సమ్మతించినట్లు నమోదైన పొరపాటును సవరించుట గురించి.

వరంగల్, కాశిబుగ్గ నివాసి సుమేరా బేగం సవినయంగా తెలుపుకొనునది:

1. మా వారు తమ వద్ద పెద్ద శాస్త్రవేత్త. శత్రువుల డ్రోన్లను పసిగట్టే యంత్రం ఆయన చేసినదే. చేసినవారు దానిని వాడే జవాన్లతో పాటు ముందువరుసలో ఆరు నెలలు ఉండాలని, అందుకు ఇంటివారి సమ్మతి కావాలని తమరు కోరినారట. ఆ సంగతి దాచి, ఢిల్లీలో మీటింగని ఆయన బయలుదేరినారు. నేను ఎప్పటిలాగే గుడ్డలో నాణెం చుట్టి కుడిచేతికి ఇమామ్ జామిన్ కట్టినాను. ఆ ముడినే తమకు చూపి, "మా ఇంటామె ఒప్పుకొని కట్టింది" అని చెప్పినారట. తమ ఆఫీసు కాగితం చూసి సంగతి తెలిసి, ఆయన తిరిగి వచ్చాక నిలదీస్తే నవ్వి, "నువ్వే కట్టినవు గద, సంతకం కంటె ముడి గట్టిది" అన్నారు.

అయ్యా, ఆయన స్టేషన్ ఘన్‌పూర్‌కు పెండ్లికి పోయినా నేను కడతాను. అది క్షేమంగా రమ్మని కట్టేది. యుద్ధానికి పొమ్మని కాదు.

2. అయితే వద్దనడానికి కూడా నాకు నోరు లేదు. మా అక్క ఖతీజాబీ కొడుకు ఇర్షాద్ ఆ దళంలోనే జవాను. "ఖాలా, ఆ డబ్బ గద్దను చూసి గూడ మొత్తుకుంటాంది. ఖాలూ ఒక్కపారి ఈడ కూసుంటె దాని రోగమేందో తెలుస్తది" అని ఫోనులో అన్నాడు. ఖాలూ అంటే పిన్ని భర్త, మా వారే. అంతలోనే, "కానీ ఆయనను కాపాడనీకె ఇద్దరు కావాలె, అదొక ఫికర్" అన్నాడు.

మా అక్కది ఒకటే మాట: "నీ మొగడు చేసిన డబ్బను నమ్ముకొని నా కొడుకు నిలవడ్డడు. దాని పక్కన నీ మొగడు నిలవడితె ఏం పోతది? నా కొడుకుది పానం గాదా?"



3. నమాజు తరువాత దువాకు చేతులెత్తితే ఏమి అడగాలో తోచటం లేదు. ఆయన పోవద్దని అడిగితే ఇర్షాద్‌కు అన్యాయం. పోవాలని అడగటానికి నాలుక తిరగటం లేదు.

కావున శాస్త్రవేత్తలు ముందువరుసకు పోవలెనో కూడదో చదువుకున్న తమరే తేల్చి, పంపినా ఆపినా తమ ఉత్తర్వు మీదనే జరిపించి, నా సమ్మతి అన్న మాటను కాగితాల నుండి కొట్టివేయించ ప్రార్థన. ఇంతకు మించి చెప్పుకోలేని దాని విన్నపంగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
సుమేరా బేగం

తా.క.: పైన ఉన్నదంతా మా అక్క పక్కన కూర్చొని చదివించుకొని సరేనన్నది. ఇది మాత్రం పోస్టాఫీసు బల్ల మీద రాస్తున్నాను. ఆయనను పంపకండి సారూ. రెండిళ్లకు కలిపి ఇర్షాద్ ఒక్కడు చాలు. ఈ మాట రాసినందుకు అల్లా నన్ను మన్నించుగాక.