బొక్క విరగలేదన్నారు

అన్నా,

నువ్వు పోయాక మళ్లీ వానలు మొదలయ్యాయి. నేనిప్పుడు దవాఖానలో నర్సు పని నేర్చుకుంటున్నాను. నిన్న లింగంపేట నుంచి ఒక రైతును బండిలో తెచ్చారు. ఎద్దు కుమ్మితే పడ్డాడట. అచ్చం నీలాగే, వాపు తగ్గినా మోకాలు నిలవడం లేదు. పట్నం నుంచి వచ్చిన డాక్టరు అతని పిక్కను రెండు చేతులతో పట్టి లాగితే కాలి ఎముక ముందుకు జారింది.

"బొక్క మంచిగనే ఉంది. లోపల రెండు బొక్కలను పట్టి ఉంచే నరం తెగింది" అన్నాడు డాక్టరు.

తొడలోంచి నరం లాంటి పట్టీ ఒకటి కోసి ఆ తెగిన చోట కుడతాడట. తర్వాత ఆ రైతు నడుస్తాడో లేదో ఆయనే చెప్పలేకపోయాడు.

నువ్వు పడ్డప్పుడు, విరిగిన ఎముకలకు కట్లు కట్టే ముసలాయన నీ కాలు తడిమి "బొక్క ఇరగలే" అన్న రోజు నుంచి బాపు నిన్ను నమ్మలేదు. "పని ఎగ్గొట్టనీకి ఏసాలేస్తున్నవ్" అని తిట్టి పొలానికి పంపేవాడు. ఒకరోజు నారు మోపు ఎత్తుకుని వాగు దాటుతుంటే మోకాలు జారింది. నిన్ను నీళ్లు ఈడ్చుకుపోయాయి.

ఇవాళ ఎల్లారెడ్డిలో మన ఇంటికి వచ్చి బాపుకు అంతా చెప్పాను.

"గట్లయితే వానికి నిజంగనే నొప్పుండెనా, బిడ్డా?" అన్నాడు.

"ఉండె బాపూ" అన్నాను.

అప్పటి నుంచి గడపలోనే కూర్చున్నాడు. అవ్వ అన్నం పెట్టి పిలిచినా లేవలేదు.

నీ చెల్లె