ఎవరి మాట ఎవరిది

భవానీపురం,
12 ఆగస్టు 2003

శ్రీవారికి,

దేవుని దయవల్ల అత్తయ్యా నేనూ కులాసా. మీరూ అక్కడ వేళకింత తింటున్నారని తలుస్తాను. పారాదీప్‌లో ఒకటే వానలని రాశారు. ఇక్కడ ఇంకా ఉక్కపోతే. అత్తయ్య బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటున్నారు, బెంగపడకండి.

కథ ఏమైందని అడిగారు. మీకూ ఈమెయిల్ చేయమంటే ఎందుకు చేయలేదనీ అడిగారు. మొదటిదే ముందు చెబుతాను.

బెంజ్ సర్కిల్ దగ్గర నెట్ సెంటర్లో కూర్చుని తెలుగులో టైపు చేసి, హైదరాబాదులో ఇంటర్నెట్ పత్రిక నడిపే రామతులసిగారికి పంపాను. మర్నాడే జవాబు వచ్చింది: "శాలినిగారూ, మీ కథకు బదులు సున్నాలూ, డాలర్ గుర్తులూ వచ్చాయండీ." నా ఫాంటు ఆవిడ కంప్యూటర్లో లేదట. ఫాంటు కూడా జతచేసి మళ్లీ పంపాను. ఈసారి అక్షరాలు చేరాయి గానీ పేరాలన్నీ కలిసిపోయాయి, కొటేషన్ మార్కులు ఎగిరిపోయాయి. కథంతా అత్తాకోడళ్ల పోట్లాటే కదా! ఏ మాట ఎవరిదో తెలియడం లేదని ఆవిడ ప్రింటు తీసి పోస్టులో పంపారు, గుర్తులు పెట్టి తిప్పి పంపమని.

మూడు వారాల కిందట ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఎర్ర పెన్ను పట్టుకుని వరండాలో కూర్చున్నాను. పొయ్యి మీద పాలు పొంగుతున్న వాసన వస్తే లోపలికి పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి కాగితాలు అత్తయ్య చేతిలో ఉన్నాయి. కళ్లజోడు పెట్టుకుని పైకి చదువుతున్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇదే. ఆ కథలో అత్త ఎవరో మీరు ఇట్టే పోల్చుకుంటారని మీకు పంపలేదు. మీరు బదిలీ మీద వెళ్లాక ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఆ ఉక్రోషమంతా కోడలి నోట పెట్టి రాసుకున్నాను.

"ఈ ఇంట్లో నన్ను పలకరించేది కుక్కరొక్కటే" అన్నచోట అత్తయ్య ఆగారు. అది కోడలి మాట.

"ఇది అత్త అన్నదేగా?" అన్నారు.

ఆ వాక్యం మీద వేలు పెట్టి ఆమే చెప్పుకొచ్చారు:

"పొద్దున్నే నువ్వు బడికెళ్తావు. సాయంత్రం వచ్చి కాగితాల్లో తల దూరుస్తావు. ఇంక నన్ను పిలిచేది ఆ కుక్కరేగా అమ్మాయ్! ఎప్పుడూ నోటితో అన్లా. నీకెట్టా తెలిసింది?"

"తెలీదత్తయ్యా. ఇప్పుడే తెలిసింది."

పక్కన కూర్చున్నాను. తర్వాత ఆమే పెన్ను నా చేతికిచ్చారు. ఒక్కో మాటా చదివి, ఎవరిదో తేల్చారు. "ఇది నీదే. ఇంత పొగరు నాకెక్కడిది?" అని ఒకచోట పడీపడీ నవ్వారు. కుక్కరు మాట ఆమెకే ఇచ్చేశాను. ఇప్పుడే కథ కుదిరిందని రామతులసిగారు వచ్చే నెలకు తీసుకున్నారు. ఈ మధ్య సాయంత్రాలు మా కబుర్లతో అన్నం వేళ కూడా దాటిపోతోంది.

నిన్న అత్తయ్య అడిగారు: "ఇందులో అత్త పేరు అమలమ్మ అని పెట్టావేం? ఎవరావిడ?"

"మీరు నొచ్చుకుంటారని మార్చానత్తయ్యా."

"నా మాటలు వాడుకుని పేరు ఇంకొకరిదా? తెరేసమ్మ అనే వెయ్యమని రాయి."

రాశాను.

ఇట్లు,
మీ అమ్మగారి కోడలు,
శాలిని