తాళం లేని పెట్టె

మెదక్,
19-8-1964

చి.సౌ. బాలనర్సమ్మకు నీ పెనిమిటి రాయునది: నేనూ మేకా క్షేమం. మేక తిన్న నీ మందార చెట్టు మాత్రం క్షేమం కాదు. అక్కడ నీ చెల్లెలు నిర్మలమ్మ, పసిది కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీవడిగినవాటికి జవాబు. జ్వరం తగ్గింది. కప్పు కారుతూనే ఉంది. శుక్రవారం పసిదాన్ని తొట్టెలలో వేస్తారు గనుక, మీ ఇంట పుట్టిన ప్రతి బిడ్డకూ ఆ రోజు తొడిగే వెండి కడియాలు వెంటనే పంపమన్నావు. ఆ సంగతి కొంచెం ఆగి రాస్తాను.

ముందు ఈ ఊరి తెలివి ఎంతో విను. కచేరీ గుమాస్తా వెంకట్రాములు, గడియారాలు బాగుచేసే జలాల్ భాయ్ ఇద్దరూ హోటల్లో కూర్చుని, మన వడ్రంగి పనికి బుర్ర అక్కర్లేదన్నారు. నేను వారం రోజులు కూర్చుని వేపకర్రతో జానెడు పెట్టె చేశాను. తాళం లేదు, మూత ఎక్కడో తెలియదు. తలకిందులు చేస్తే లోపలి చీల జారుతుంది, అప్పుడు పక్క పలక కదులుతుంది. అంతే. గుమాస్తా రెండు రోజులు దాన్ని పిసికాడు, ఊదాడు, చివరికి కొరికాడు. మెట్రిక్ పాసైన పళ్లు! జలాల్ భాయ్ చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

"లోపల ఏందో మోగుతున్నది ఐలయ్యా."

"వెండి. తెరిచినోనిదే" అన్నాను.

అవును, అవే కడియాలు. గలగలమనేది ఇంట్లో ఇంకేదీ దొరకలేదు. ఈ గాడిదలు తెరవలేరని నా ధీమా.

నిన్న నీ ఉత్తరం అందగానే పెట్టె తలకిందులు చేశాను. చీల జారలేదు. వానకు కర్ర ఉబ్బి పట్టేసింది. చీలకు కాస్త వదులు ఉంచాలని నిన్న పనిలో చేరినవాడికైనా తెలుసు. సుత్తితో కొడితే కడియాలు నలుగుతాయి. సన్న రంపం జలాల్ భాయ్ దగ్గరే ఉంది. పోయి అడిగాను. రంపం నా చేతికివ్వలేదు, తనే కోశాడు. గుమాస్తా నవ్వుకు చాయ్ ముక్కులోంచి వచ్చింది.

తెరిచింది జలాల్ భాయ్. నా మాట ప్రకారం వెండి ఆయనదే. కడియాలు అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"గివి పసిపోరల కడియాలు గద?"

"ఔ."

"గివిటి మీద పందెం కాసినవా? థూ! నీకన్న గీ డబ్బా నయం. లోపలున్నది ఎవ్వనికియ్యలే."



బాలనర్సా, కడియాలు తిరిగిమ్మంటే, "నీ చేతికియ్య. బహెన్‌కే ఇస్త" అంటున్నాడు. రేపు పొద్దటి బస్సుకు పాపన్నపేటకు, నీ దగ్గరికే వస్తాడు. ఈ ఉత్తరమూ ఆయన చేతికే ఇస్తున్నాను. కడియాలు తీసుకుని అన్నం పెట్టు. నన్ను తిట్టేదంతా ఆయన ముందరే తిట్టు. ఒక్క మాట మరవకుండా మోసుకొస్తానని గుమాస్తాకు మాటిచ్చాడు.

ఇట్లు,
నీ పెనిమిటి
ఐలయ్య