తడిసిన గొడుగులే కావాలి

డిసెంబరు 2

చి. మనవరాలికి అమ్మమ్మ ఆశీస్సులు.

ఈ రోజే ఎందుకు రాస్తున్నానంటే, నిన్న మా వీధి సంఘం కార్యదర్శి టేపు పట్టుకుని సంఘం భవనంలోని నా చదువుల గదిని కొలిచాడు. "ఏమిటయ్యా?" అంటే, "క్యారమ్ బల్లలు పడతాయో లేదోనని, టీచరమ్మా!" అన్నాడు. ఏడాది చివరి సెలవులకు పాత వస్తువులతో అలంకరణల పోటీ పెట్టారు. గెలిచినవాళ్ళదే ఆ గది. నా దగ్గర చదువుకునే పద్నాలుగు మంది పెద్దవాళ్ళు ఇప్పుడిప్పుడే సంతకం దాటి వాక్యానికి వచ్చారు. వాళ్ళను వీధిన పడెయ్యలేను.

పాత గొడుగులు ఆరు, పాత టీ జల్లెడలు పన్నెండు వెంటనే పంపు. ఎందుకని అడగకు.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. నీ పోయిన ఉత్తరంలో తప్పులు ఏడు. ఎర్ర సిరాతో దిద్ది జతచేశాను.

డిసెంబరు 6

అమ్మమ్మకు నమస్కారాలు.

నువ్వు పాత గొడుగులు వేలాడదీస్తే నలుగురూ ఏమనుకుంటారు? ఆరు కొత్తవి పంపుతున్నాను. పూలపూలవి!

నీ ముద్దుల మనవరాలు

తా.క. కార్యదర్శికి ఒకటిచ్చి మంచి చేసుకోరాదూ?

డిసెంబరు 9

చి. మనవరాలికి ఆశీస్సులు.

గొడుగులు అందాయి. వెనక్కి పంపాను. పోటీ నిబంధన మూడు: ప్రతి వస్తువూ వాడినదై ఉండాలి. నీకు చెప్పడం కంటే గోడకు చెప్పుకోవడం నయం. గోడ కనీసం పూలపూలవి పంపదు.

అమ్మమ్మ

తా.క. ఆ నలుగురూ ఎవరో పేర్లు రాసి పంపు.

డిసెంబరు 13

అమ్మమ్మా, నమస్కారాలు.

ఆరింటినీ వాడేశాను! రెండేసి ఊచలు విరిచాను. మొన్నటి వానలో మేడ మీద ఒక్కో గొడుగు కింద పావుగంట చొప్పున నిలబడ్డాను. ఇంటావిడ పైకొచ్చి, "ఏమ్మా, ఇంట్లో గొడవా?" అంది. ఇప్పుడు ఒకటే తుమ్ములు. పంపెయ్యనా?

నీ మనవరాలు

తా.క. సిరా చెదిరింది తుమ్ముల వల్ల. తప్పుల్లో వెయ్యకు.

డిసెంబరు 15

చి. మనవరాలికి ఆశీస్సులు.

పంపకు. విరిచినది వేరు, విరిగినది వేరు. ఆవిరి పట్టు. తర్వాత పాత సామాను దుకాణానికి నీ కాళ్ళతో నువ్వే వెళ్ళు.

అమ్మమ్మ

తా.క. ఎన్ని తుమ్ములు?

డిసెంబరు 17

అమ్మమ్మా, నమస్కారాలు.

వెళ్ళాను! బస్సుల్లో జనం మరిచిపోయి, ఏడాదైనా అడగని గొడుగులు గుట్టగా ఉన్నాయి. ఒకదాని పిడికి నీలం దారం చుట్టి ఉంది. ఎవరిదో పాపం. ఆరు గొడుగులూ పన్నెండు జల్లెడలూ ఈ రోజే బస్సులో వేశాను.

నీ మనవరాలు

తా.క. నూట పన్నెండు.

డిసెంబరు 24

చి. మనవరాలికి అమ్మమ్మ ఆశీస్సులు.

గెలిచాం.

గుడ్డ తీసిన గొడుగులు ఎనిమిదేసి కోణాల నక్షత్రాలయ్యాయి. ఒక్కోదానికి రెండు జల్లెడలు కట్టి, వాటిలో చిన్న దీపాలు పెట్టాం. స్విచ్ వేయగానే గోడల నిండా చుక్కలే. కార్యదర్శి ముక్కు మీద కూడా.

అతను ఊరుకుంటాడా? "ఇవి కొత్తవండీ! మనవరాలు పెట్టెడు కొత్త గొడుగులు పంపింది, కళ్ళారా చూశాను!" అన్నాడు. "అయితే రాసివ్వండి" అన్నారు న్యాయనిర్ణేత, మీ ఊరి నుంచి వచ్చిన పెద్దావిడ. రాసిచ్చాడు.

ఆమె కుర్చీ ఎక్కి ఒక్కో పిడీ పట్టి చూశారు. మూడోదాని దగ్గర ఆగిపోయారు.

"ఈ నీలం దారం చుట్టింది నేనే! నిరుడు బస్సులో పోయింది. పదకొండేళ్ళు వానల్లో నాతో తిరిగిన గొడుగు. ఇది కొత్తదైతే నేనూ కొత్తదాన్నే!"

గది మనదే.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. ఇక జరగవలసినవి:

1. తన గొడుగు నక్షత్రంగానే ఉండాలని ఆమె పట్టుబట్టారు. నువ్వు విరిచినవాటిలో ఒకటి బాగుచేయించి ఆమెకు ఇచ్చిరా.
2. మిగతా ఐదూ నువ్వే వాడు. ఒకసారికి ఒకటి.
3. కార్యదర్శి ఫిర్యాదులో తప్పులు పంతొమ్మిది. ఆదివారం నుంచి పదిహేనో విద్యార్థిగా రావాలి. ఒప్పుకున్నాడు. టేపు ఇంట్లోనే వదిలి వస్తాడు.
4. నా తొమ్మిదో తేదీ ఉత్తరంలో గోడ గురించి రాసిన వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి వెనక్కి పంపు. ఆ తప్పు నాది.