అత్త కట్టిన కాళ్ళు

జనవరి 11, 1982
పాప ఎడమకాలు కాస్త పొట్టిగా ఉంది. తొడ మడతలు రెండువైపులా ఒకేలా లేవు. నైట్ షిఫ్ట్ నుంచి వచ్చిన బావకి కూతురి కాళ్ళు చూపిస్తే, హోతా హై, అలా ఉంటుందిలే అని పడుకున్నాడు. అత్త అసలు చూడనే లేదు. రోజూ పాపకి నీళ్ళు పోశాక రెండు కాళ్ళూ తిన్నగా చాపి, పాత చీరపేలికతో బిగించి కడుతుంది. అలా కడితే కాళ్ళు చక్కగా వస్తాయట.

జనవరి 18
బిష్టుపూర్ ఆసుపత్రి డాక్టరు ఎక్స్‌రే చూశారు. తొడ ఎముక గుండు తుంటి గిన్నెలో కూర్చోలేదట. పుట్టుకతోనే వస్తుంది, కుటుంబాల్లో నడుస్తుంది అన్నారు. ఖాన్‌దాన్‌లో ఎవరైనా కుంటుతారా అని అడిగారు. పక్కనే ఉన్న అత్త గబుక్కున లేరు అంది. అత్త కుంటుతుంది, కానీ అది చిన్నప్పుడు నూతిగట్టు మీంచి పడితే అయిందట. మా నాన్న కూడా ఎప్పుడూ అదే చెప్పేవాడు. కాళ్ళు అలా కట్టొద్దు, కీలు ఇంకా జారుతుంది అన్నారు డాక్టరు. వెంటనే ప్లాస్టర్ వెయ్యాలి. నడక వచ్చేదాకా ఆగితే ఆపరేషనే.

జనవరి 19
అత్త ప్లాస్టర్ వద్దంది. ఆడపిల్లకి కట్టు కడితే బిర్సానగర్ బస్తీ అంతా అడుగుతుందట. పైగా ఇది నా పుట్టింటి జబ్బట. నా పుట్టిల్లు తన పుట్టిల్లు కాదూ? మా నాన్న తనకి అన్న కాదూ? ఒళ్ళు మండిపోయింది.

జనవరి 20
బావకి బి షిఫ్ట్, మధ్యాహ్నం వెళ్తే రాత్రికే రాక. నా గోడు వినే మనిషి లేడు.

జనవరి 23, మధ్యాహ్నం
రేషన్ తెచ్చుకుని వచ్చేసరికి పాప కాళ్ళు మళ్ళీ కట్టి ఉన్నాయి. కత్తెర తెచ్చి పేలిక కోసేశాను. నోటికొచ్చినట్టు అన్నాను. అత్త కింద కూలబడి ఏడ్చింది.

"నా కాల్లాగ అయిపోకూడదనే కట్టినానే అమ్మా. నానేటి దానికి పగదాన్నా?"

ఆ ఏడుపులోనే అంతా చెప్పేసింది. నూతిగట్టు అబద్ధం. అత్త పుట్టడమే అలా పుట్టింది. బయటి సంబంధమైతే తన నడక గురించి ఆరా తీస్తారని కొడుక్కి అన్న కూతుర్ని అడిగింది. మా నాన్న అన్నీ తెలిసే ఇచ్చాడు. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఎవరి మీద కోప్పడను?

జనవరి 25
పాపకి నడుం నుంచి మడమల దాకా ప్లాస్టర్. కాళ్ళు కప్పలా విడదీసి వేశారు. గుక్కపట్టి ఏడ్చింది. డాక్టరు అడక్కుండానే అత్త తన కాలు సంగతి చెప్పేసింది. తర్వాత పుట్టే పిల్లల్ని పుట్టగానే చూపించాలన్నారు డాక్టరు.

మార్చి 30
నాకు నెల తప్పింది. వాంతులేమిటని అత్త అడిగితే పైత్యం అని నేనూ దాచాను.