పదిహేడో నంబరు మనిషి

నందిగామ,
9 మార్చి 1964

ప్రియమైన మా వారికి,

జయమణి వందనాలు. మీ క్షేమం పేపరు చూసి తెలుసుకున్నాను. కట్టుకున్నదానికి కార్డు ముక్క రాయడానికి తీరిక లేదు గానీ, పేపరువాళ్లకు ఫోటో ఇవ్వడానికి తీరిందన్నమాట. ఫిబ్రవరి మొదటి వారం నుంచి మీ దగ్గర నుంచి ఒక్క అక్షరం లేదు.

ఆ ఫోటో మా బడిలో డ్రిల్లు చెప్పే పుష్పవతి టీచరు తెచ్చింది. మద్రాసు దగ్గర షోలవరం మోటారు సైకిలు పందెంలో మీరు రెండోవారుగా వచ్చారని బడంతా చాటింది. పిల్లల చేత చప్పట్లు కూడా కొట్టించింది. నేను నవ్వుతూ తీసుకున్నాను. ఆ తర్వాత చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. నెత్తిన హెల్మెట్టు, కళ్లకు గాగుల్సు, దుమ్ము పడకుండా మూతికి రుమాలు, బండి ముందు పలక మీద పదిహేడు, ఛాతీ మీద మీ కంపెనీవాళ్ల డేగ బొమ్మ. మనిషి ముఖం ఒక్క అంగుళం కూడా కనపడలేదు.

ఫోటో తీస్తున్నారంటే చాలు, మీరు గడ్డం పైకెత్తుతారు. పెళ్లి ఫోటోలో కూడా పైకప్పు వాసాలు లెక్కపెడుతున్నట్టు పడ్డారు. ఇందులో మాత్రం తల దించుకుని ఉన్నారు, ఎవరైనా పోల్చుకుంటారేమో అన్నట్టు.

డేగ మార్కు ఆయిలు కంపెనీ ఏజెంటు భవానీప్రసాద్‌గారు వచ్చి ఒక క్యాలెండరు ఇచ్చి వెళ్లారు. మీరు కులాసా అట. ఈ ఏడాదంతా ప్రతి పందేనికీ, ప్రతి ఊరేగింపుకూ మీరు హాజరు కావాలని, ఒక్కటి తప్పినా బండీ షెడ్డూ కంపెనీ పట్టుకుపోయి మిమ్మల్ని కోర్టుకీడుస్తుందని కాగితం మీద ఉందట. అడగకుండానే చెప్పారు. ఎందుకు చెప్పారో నాకు బోధపడలేదు.

జగ్గయ్యపేటలో అత్తయ్య ప్రతి ఆదివారం గుడిలో మీ పేరు చెప్పి ప్రార్థన మనవి ఇస్తోంది. ఆమె కోసమైనా ఒక్క ముక్క రాయండి.

మీ
జయమణి


హోస్పేట,
24 మార్చి 1964

ప్రియమైన జయా,

నువ్వు మద్రాసు షెడ్డుకు రాసిన ఉత్తరాన్ని అక్కడివాళ్లు కవరు మార్చి ఇక్కడికి పంపారు. ఇది చదవగానే పొయ్యిలో పడెయ్.

నేను మద్రాసులో లేను. ఫిబ్రవరి పన్నెండు తర్వాత నేను మోటారు సైకిలు ఎక్కలేదు. షోలవరం పందెం జరిగిన రోజు నేను ఇక్కడ ఇనప రాయి మోసే లారీ కింద వెల్లకిలా పడుకుని బోల్టులు బిగిస్తున్నాను. ఆ ఫోటోలో ఉన్నది నేను కాదు. ఎవరో నాకు తెలియదు. పేపరు నేనూ చూశాను. నా బండి, నా నంబరు, నా పేరు. నేను లేకుండానే నేను రెండోవాణ్ణయ్యాను.

ఎందుకు వచ్చేశావని అడగకు. ఎవరికీ చెప్పకు, అమ్మకు కూడా. నేను లేనని బయటపడితే కంపెనీ ఊరుకోదు. ఇక్కడ నా పేరు జ్ఞానయ్య. కవరు మీద అదే రాయి.

నీ
వరప్రసాదరావు


జగ్గయ్యపేట,
17 మే 1964

ప్రియమైన మీకు,

జయమణి వందనాలు. కవరు మీద జ్ఞానయ్య అని రాసినప్పుడల్లా పరాయి మగవాడికి రాస్తున్నట్టుంటుంది. వేసవి సెలవులకు పేట వచ్చి అత్తయ్య దగ్గర ఉంటున్నాను. ఇది కూర్చుని చదవండి.

మొన్న శుక్రవారం మీరు మన ఇంటికి వచ్చారు.

బెజవాడ నుంచి కంపెనీవాళ్లు ఊరేగింపు పెట్టారు. మైకు కట్టిన జీపులో భవానీప్రసాద్‌గారు, వెనక పదిహేడో నంబరు బండి మీద ఆ మనిషి. పరిటాలలో దండలు వేశారట, కీసరలో కొబ్బరికాయలు కొట్టారట, నందిగామలో జనం రోడ్డు మీద పడుకున్నంత పని చేశారట. పేటలో మన సందులోకి ఎవరినీ దారి అడక్కుండా తిరిగి సరిగ్గా మన గుమ్మం ముందు ఆపాడు. ఒడ్డూ పొడుగూ మీదే. భుజాలు మీవే. రోళ్లు పగిలే ఎండలో హెల్మెట్టు తియ్యలేదు, రుమాలు దించలేదు. కంపెనీ పద్ధతి అంతేనని జీపులోంచి చెప్పారు. ఊళ్లోవాళ్లు నవ్వుతూ నన్ను ముందుకు తోశారు.

అత్తయ్యకు శుక్లాలు ముదిరాయి గదా. తడుముకుంటూ వచ్చి అతని చేతులు రెండూ పట్టుకుంది. అతను ఒంగి ఆమె చేతుల కింద తల పెట్టాడు. ఆమె ప్రార్థన చేసింది. ఎప్పుడూ "నా కొడుకు వరప్రసాదును" అని పేరెత్తి చేస్తుందా, ఆ రోజు ఎందుకో పేరెత్తలేదు. "ఈ బిడ్డను కాపాడు ప్రభువా" అంది, అంతే. నేను అప్పుడే అరిచి చెప్పవలసింది. అమ్మకు కూడా చెప్పవద్దని మీరు రాశారు గదా అని ఆగాను.

వెళ్లబోతూ అతను నా వైపు తిరిగాడు. రుమాలు వెనక నుంచి, నాకు మాత్రమే వినపడేట్టు ఒక్క మాట అడిగాడు.

"ఆయన బాగున్నారా అండీ?"

మీ పేరు పెట్టుకుని, మీ బండి మీద వచ్చినవాడు మీ క్షేమం నన్నడిగాడు. తల ఊపాను. అతనూ ఊపాడు.

ఊరేగింపు పేటతో సరి అన్నారు. కానీ అతను ఆగకుండా గరికపాడు వైపు ఒక్కడే పోయాడు. జీపువాళ్లు కంగారుపడి వెంటపడ్డారు. అరగంటకు వెనక్కి తెచ్చారు. మళ్లీ మన గుమ్మం ముందు నుంచే వెళ్లాడు గానీ, ఈసారి ఇటు చూడలేదు.

మీకు తెలియని మనిషికి మీరెక్కడో బతికున్నారని ఎలా తెలిసింది? మీరేదో దాస్తున్నారు. లేదా ఇంకో అనుమానం ఉంది, రాయడానికే భయంగా ఉంది. హోస్పేట నుంచి రాస్తున్నది మీరేనని నాకేం నమ్మకం? దస్తూరీ ఎవరైనా దించగలరు. అతనే నా భర్త, ఈ జ్ఞానయ్య ఎవరో పరాయివాడు అని ఒక్కోసారి అనిపిస్తోంది. నాకు పిచ్చెక్కకముందే నిజం రాయండి.

జయమణి


హోస్పేట,
2 జూన్ 1964

ప్రియమైన జయా,

నేనే. మన పెళ్లయిన వారానికి మునేటి ఇసుకలో నీకు సైకిలు నేర్పబోతే నన్నొక తిట్టు తిట్టావు. అది మనిద్దరికే తెలుసు. టీచరమ్మ నోట అలాంటి మాట వచ్చిందని కాగితం మీద పెట్టను.

ఆ మనిషికి భయపడకు. మంచివాడు. నీకు గానీ అమ్మకు గానీ ఏ కీడూ చెయ్యడు. కంపెనీ ఏర్పాటు ఏదో అయివుంటుంది. డిసెంబరుతో ఒప్పందం తీరిపోతుంది. అప్పుడు వచ్చేస్తాను. అందాకా ఓపిక పట్టు.

నీ
వరప్రసాదరావు


జగ్గయ్యపేట,
20 ఆగస్టు 1964

ప్రియమైన మీకు,

మిమ్మల్ని మంగళవారం పూడ్చిపెట్టాము.

ఆదివారం బెంగుళూరు పందెంలో మలుపు దగ్గర బండి జారిందట. కంపెనీ వ్యానులో మేకులు కొట్టిన పెట్టె తెచ్చారు. ముఖం చూడవద్దన్నారు. ఆఖరి చూపు లేకుండా మా వాళ్లలో ఎవరినీ సాగనంపరని నేను పట్టుబట్టాను. చివరకు పక్క చెక్క ఊడదీసి ఒక చెయ్యి చూపించారు.

గోళ్ల కింద నల్లగా ఆయిలు. బొటనవేలి మీద పాత కాలిన మచ్చ. పానా పట్టి పట్టి కాయలు కాసిన అరచెయ్యి. అది మీ చెయ్యి కాదు. వందమంది నా నోటి వైపు చూస్తున్నారు. కాదంటే పెట్టె మళ్లీ వ్యానెక్కుతుంది, ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియదు. మన ఇంటికి వచ్చి నా ముందు తలూపిన మనిషిని అలా పంపలేకపోయాను. ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చాను. అది నటన కాదు. ఎవరి కోసం ఏడ్చానో మాత్రం నాకు తెలియదు. సమాధుల తోటలో మామయ్యగారి పక్కన పెట్టి, చెక్క మీద మీ పేరు రాశారు. నాకు తెల్లచీర కట్టారు.

జనం వెళ్లాక అత్తయ్య నన్ను దగ్గరకు పిలిచింది. "నా కొడుకున్నాడా?" అంది. ఉన్నాడన్నాను. మే నెలలోనే ఆమెకు తెలుసట. చిన్నప్పుడు చెట్టు మీద నుంచి పడి మీ ఎడమ మణికట్టు దగ్గర ఎముక బుడిపెలా నిలిచిపోయింది గదా, ఆ చేతికి బుడిపె లేదట. "నా చేతికింద తల పెట్టిన బిడ్డను నువ్వెవరి కొడుకువని అడుగుతానా?" అంది. నేనూ నోరెత్తలేదు కాబట్టి మన మధ్య ఏదో సంగతుందని ఊరుకుందట.

ముప్పయ్యో తేదీ ఆదివారం ఆదరణ కూడిక. భార్యగా నేను సంఘం ముందు నిలబడి పోయినవారి గురించి సాక్ష్యం చెప్పాలి. తెలియని మనిషి మంచివాడని జూన్‌లో రాశారు. ఎలా తెలుసు? అతని పేరేమిటి? ఈసారి దాచకండి.

జయమణి


హోస్పేట,
25 ఆగస్టు 1964

ప్రియమైన జయా,

నీ ఉత్తరం రాకముందే నా చావు చదివాను. షెడ్డులో పేపరు పరిచి అన్నం తింటున్నారు. నా పేరు మీద పచ్చడి మెతుకులు పడ్డాయి. తుడిచి చదివాను.

అతని పేరు జీవరత్నం. మద్రాసులో నా మెకానిక్కు. గరికపాడు మనిషి, నువ్వెప్పుడూ చూడలేదు. మద్రాసుకు రాసిన నీ ఉత్తరం కవరు మార్చి పంపిందీ అతనే. నీకు మొదటి ఉత్తరంలోనే అబద్ధం రాశాను.

ఫిబ్రవరిలో సాధన చేస్తుంటే నా ముందు పోతున్న కోయంబత్తూరు అతను పడ్డాడు. బండి ఆపి అతని తల ఒళ్లో పెట్టుకున్నాను. ఒళ్లోనే పోయాడు. మర్నాడు బండి ఎక్కితే వేగం పెంచే పిడి మీద నా కుడి చెయ్యి తిరగలేదు. తిప్పమని మనసు చెప్తోంది, చెయ్యి వినదు. వారం రోజులు అంతే. భయం, జయా. పందెపువాడికి భయమని కంపెనీకి ఏ ముఖంతో చెప్పను?

జీవరత్నం రోజూ నా బండిని పరీక్షకు తోలేవాడు, నా అంత జోరుగానూ తోలేవాడు. "ఒక్క పందెం నా బట్టలేసుకుని వెళ్లు" అని నేనే బతిమాలాను. ఒక్కటన్నాను, ఇక్కడికి వచ్చి దాక్కున్నాక ఇంకొక్కటని రాశాను. భవానీప్రసాద్‌కు మొదటి నుంచీ తెలుసు. పదిహేడో నంబరు పరిగెడితే చాలు, లోపల ఎవరుంటే ఏం అన్నాడు. జీవరత్నం నన్ను ఒక్కటే అడిగాడు, వాళ్లమ్మకు కార్డు రాసుకోనా అని. సంగతి పొక్కుతుందని వద్దన్నాను. ఆమె పేరు రత్తమ్మ. రోడ్డు పక్క మజ్జిగ అమ్ముతుంది.

ఇక నా మాట విను. చచ్చినవాడికి ఒప్పందం లేదు. ఇక ఏ కంపెనీ నన్ను పిలవదు. ఆదివారం నాలుగు మంచి మాటలు చెప్పి కూర్చో. దసరా సెలవులకు ఇక్కడికి వచ్చెయ్. జ్ఞానయ్య భార్యగా ఉందువుగాని. అమ్మనూ తెచ్చుకుందాం. జీవరత్నం ఎలాగూ తిరిగి రాడు.

నీ
వరప్రసాదరావు


జగ్గయ్యపేట,
31 ఆగస్టు 1964

ప్రియమైన మీకు,

ఈ కవరు మీద జ్ఞానయ్య అని రాయలేదు. మీ పేరే రాశాను. ఎవరిదని షెడ్డులో అడిగినప్పుడు నాదని చెప్పి తీసుకుని ఉంటే ఇది చదువుతూ ఉంటారు.

మీ ఉత్తరం శనివారం అందింది. అందిన గంటకు బస్సెక్కి గరికపాడు వెళ్లాను. రత్తమ్మగారు పాకలో కవ్వం కడుగుతోంది. తెల్లచీరలో ఉన్న నన్ను చూసి కుండ దించి మజ్జిగ పోసింది. కొడుకు సంగతి అడిగాను. ఆరునెలలైంది, కార్డు లేదు, మద్రాసు నీళ్లు పడ్డాయిలే అంది. మే నెలలో మోటారు సైకిలు మీద ఎవరైనా వచ్చారా అన్నాను.

"వచ్చాడమ్మా ఒకాయన. బండి ఆపి నన్నే చూస్తా నిలబడ్డాడు. ఎండనబడి వచ్చాడని చెంబుడు మజ్జిగిచ్చా. రెండు చేతుల్తో పుచ్చుకున్నాడు. మూతిగుడ్డ తియ్యడాయె. ఈలోగా జీపొచ్చింది. తాగకుండానే చెంబు నా చేతిలో పెట్టేసి పోయాడు. పెద్దోళ్లు మనింటి మజ్జిగ తాగుతారా అనుకున్నా."

ఆ మాట విన్నాక ఎలా చెప్పానో నాకే తెలియదు. మీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. ఆమె ఏడవలేదు. కార్డు రాసుకోనా అని అడిగిన చోటు మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. మూడోసారి కూడా చదివించుకుంది.

నిన్న ఆమెను వెంటబెట్టుకుని కూడికకు వెళ్లాను. భవానీప్రసాద్‌గారు కంపెనీ తరఫున పెద్ద పూలచక్రం తెచ్చి ముందు వరసలో కూర్చున్నారు. నన్ను సాక్ష్యానికి పిలిచారు. నాలుగు మంచి మాటలు ముందే కూడబలుక్కున్నాను. జీవరత్నం గురించి చెప్పడానికి అవి సరిపోతాయి, మీ పేరుతో చెప్పడానికి నోరు రాలేదు.

"సంఘం ముందు అబద్ధ సాక్ష్యం చెప్పలేను. మనం పాతిపెట్టింది నా భర్తను కాదు. ఈవిడ కొడుకును" అన్నాను.

దుఃఖంతో మతి చలించిందని భవానీప్రసాద్‌గారు పాస్టరుగారికి చెప్పబోయారు. అప్పుడు అత్తయ్య లేచి మణికట్టు సంగతి చెప్పింది. పాస్టరుగారు తల వంచుకుని మీ ఉత్తరం చివరిదాకా చదివారు. తలెత్తేసరికి పూలచక్రం ఉంది, ఏజెంటుగారు లేరు.

సాయంత్రం అందరం సమాధుల తోటకు నడిచాము. చెక్క మీద మీ పేరు గీకేసి జీవరత్నం అని రాశారు. రత్తమ్మగారికి చదువు రాదు. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి ఇది ఏమిటని అడిగింది. నాలుగూ చెప్పాను.

కంపెనీవాళ్లు కోర్టుకు వెళ్తారట, పోలీసులు వస్తారట. నేను చెప్పగలిగింది చెప్పేశాను, మిగతాది మీదే. మిమ్మల్ని నేను విడిచిపెట్టలేదు. మీ భయాన్ని తప్పుపట్టను. మీ ఒళ్లో ఆ మనిషి పోయిన సంగతి చదివి మీ కోసం ఏడ్చాను కూడా. ఆ రోజే ఇంటికి వచ్చి చెప్పి ఉంటే ఈ చేతులతో అన్నం తినిపించేదాన్ని. కానీ తల్లికి కార్డు రాయనివ్వని మనిషిని ఎలా క్షమించాలో నాకు ఇంకా తెలియడం లేదు. దానికి మీరు ఎదురుగా ఉండాలి.

తెల్లచీర నిన్ననే విప్పేశాను. సమాధుల తోటలో ఇప్పుడు మీకు చోటు లేదు, కాబట్టి బతికినవాళ్ల మధ్యకే రావాలి. రత్తమ్మగారు మన ఇంట్లోనే, అత్తయ్య మంచం పక్కన చాప వేసుకుని ఉంది. కొడుకు పందెంలో బండి తోలితే ఎలా ఉండేవాడో ఆమె ఎప్పుడూ చూడలేదట. చూసినవాళ్లు వచ్చి చెప్పేదాకా కదలనంటోంది. ఆమెను పొమ్మని నేను అనను.

జయమణి